లెక్కలు బయటికి ఇవ్వొచ్చు.. తాళంచెవి మాత్రం మీ దగ్గరే ఉండాలి

హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లి పెద్ద కూడలి. నల్గొండ, మిర్యాలగూడ మీదుగా అద్దంకి వెళ్లే రోడ్డు ఇక్కడే చీలుతుంది. హైవే పొడవునా హోటళ్లు, టైర్ల షాపులు, స్పేర్‌పార్ట్స్ దుకాణాలు ఉంటాయి. కామినేని మెడికల్ కాలేజీ ఆసుపత్రిని నమ్ముకుని మెడికల్ షాపులు, క్యాంటీన్లు నడుస్తాయి. వీటికి తోడు ఇప్పుడు బత్తాయి జ్యూస్ యూనిట్ పెడదామని, పోచంపల్లి, పుట్టపాక చేనేత బట్టలు ఆన్‌లైన్‌లో అమ్ముదామని, లారీలకు లోడు వెతికిపెట్టే యాప్ చేద్దామని ముందుకొస్తున్న యువతకు కొదవ లేదు.

వ్యాపారం మొదలైన మూడో నెలకో, నాలుగో నెలకో అందరికీ ఒకటే తలనొప్పి ఎదురవుతుంది. పొద్దంతా సరుకు, గిరాకీ, పనివాళ్లు, డెలివరీలు. రాత్రి ఇంటికొచ్చాక బిల్లుల కట్ట. లెక్కలు రాయడానికి టైము దొరకదు, రాయకపోతే జీఎస్టీ గడువు ఆగదు. అప్పుడు వచ్చే ప్రశ్న: ఈ హిసాబ్ పని బయటివాళ్లకు అప్పగించొచ్చా?

అప్పగించొచ్చు. చాలామందికి అదే మంచిది కూడా. కానీ రాసే పని వేరు, జవాబుదారీ వేరు. మొదటిది పైసలిచ్చి బయట చేయించుకోవచ్చు. రెండోది ఎంత ఇచ్చినా బయటికి పోదు. ఈ తేడా తెలియకనే చిన్న వ్యాపారాలు ఎక్కువగా దెబ్బతింటున్నాయి.

మున్షీ పోయాడు, పోర్టల్ వచ్చింది

లెక్కలు వేరేవాళ్లతో రాయించుకోవడం మనకు కొత్తేమీ కాదు. నిజాం రోజుల నుంచి షావుకారు దగ్గర మున్షీనో గుమాస్తానో ఉండేవాడు. రోజువారీ రాతకు చిట్టా, పేరువారీ రాతకు ఆవర్జా. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, ఖాతా.. మనం ఇవాళ తెలుగులో వాడే లెక్కల మాటల్లో చాలావరకు ఉర్దూ, ఫార్సీ దారిన వచ్చినవే. మున్షీ రాసేవాడు, కానీ సాయంత్రం గల్లా లెక్క చూసుకునేది మాత్రం షావుకారే.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఈ పద్ధతి మారింది. పుస్తకం దుకాణంలో ఉండటం పోయి, లెక్క ప్రభుత్వ పోర్టల్‌కు ఎక్కింది. అమ్మినవాడి రిటర్ను, కొన్నవాడి రిటర్ను ఒకదానితో ఒకటి సరిపోవాలి. మున్షీ స్థానంలో పట్నంలోని కన్సల్టెంటు వచ్చాడు. షావుకారు సాయంత్రం లెక్క చూడటం మానేశాడు. చిక్కంతా ఇక్కడే ఉంది.

ముందు మీకు అవసరమా?

తెలంగాణలో సరుకులు అమ్మినా, సేవలు అందించినా ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. చాలా రాష్ట్రాలు సరుకులకు ఈ పరిమితిని 40 లక్షలకు పెంచాయి. మన రాష్ట్రం 20 లక్షల దగ్గరే ఉంచింది. ఇతర రాష్ట్రాలకు సరుకు అమ్మితే సాధారణంగా ఈ పరిమితితో పని లేకుండానే రిజిస్ట్రేషన్ కావాలి.

టర్నోవర్ కోటిన్నర లోపు ఉండి, స్థానికంగానే అమ్మే దుకాణదారుకు కాంపోజిషన్ స్కీము ఉంది. వ్యాపారికి 1 శాతం, రెస్టారెంటుకు 5 శాతం పన్ను. మూడు నెలలకోసారి కట్టడం, ఏడాదికి ఒక రిటర్ను. ఆదాయపు పన్నులో కూడా 2 కోట్ల లోపు చిన్న వ్యాపారులు టర్నోవర్‌లో 8 శాతం, బ్యాంకు లేదా యూపీఐ ద్వారా వచ్చిన దానిలో 6 శాతం లాభంగా చూపి సరిపెట్టుకునే వీలుంది. ఇలాంటివాళ్లు నెల జీతంలా ఫీజు కట్టి అకౌంటెంటును పెట్టుకోవాల్సిన పనిలేదు. ఒక నోటుపుస్తకం, ఏడాదికి నాలుగైదు సార్లు కన్సల్టెంటు దగ్గరికి పోతే చాలు.

అలాగని నోటుపుస్తకం కూడా వద్దనుకోవడం తప్పు. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్లను చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. బెంగళూరులో కొన్ని దుకాణాల ముందు ‘యూపీఐ లేదు, నగదే’ అన్న కాగితాలు వెలిశాయి. పాలు, కూరగాయల్లాంటి పన్ను లేని సరుకు అమ్మినవాళ్లకూ నోటీసులు అందాయి. ఆ వసూళ్లలో ఏది పన్ను పడే అమ్మకం, ఏది పడనిది, ఏది చుట్టం తిరిగిచ్చిన చేబదులు అని చెప్పాలంటే రాసిపెట్టిన లెక్క ఒక్కటే సాక్ష్యం.

నెలనెలా రిటర్నులు వేయాల్సినవాళ్లు, ఉద్యోగులను పెట్టుకున్నవాళ్లు, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టినవాళ్లు మాత్రం బయటి సాయం తీసుకోవడమే మేలు. నెల క్యాలెండర్ చూడండి. 7వ తేదీకి టీడీఎస్ కట్టాలి. 11కు అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1. 20కి పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బి. టర్నోవర్ 5 కోట్ల లోపు ఉంటే మూడు నెలలకోసారి రిటర్ను వేసే వెసులుబాటు ఉంది, అయినా మధ్య నెలల్లో 25లోగా పన్ను కట్టక తప్పదు. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, అమ్మకాలే లేని ఖాళీ రిటర్నుకు రోజుకు 20 రూపాయల లేటు ఫీజు. కట్టని పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ.

ఎవరి పని ఏంటి?

మన దగ్గర లెక్కలు చూసే ప్రతి ఒక్కరినీ ‘సీఏ సార్’ అనడం అలవాటు. నిజానికి ఇందులో మూడు రకాల మనుషులున్నారు.

మొదటివారు అకౌంటెంటు. బీకాం చదివి, ట్యాలీ నేర్చి, బిల్లులు ఎక్కించి, బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోల్చేవారు. రెండోవారు జీఎస్టీ ప్రాక్టీషనర్ లేదా టాక్స్ కన్సల్టెంటు. రిటర్నులు వేస్తారు. మూడోవారు చార్టర్డ్ అకౌంటెంటు. ఆడిట్ చేసి సంతకం పెట్టే అధికారం వీరిదే. ఆ సంతకంతో పాటు యూడీఐఎన్ అనే నంబరు ఉంటుంది. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి సంతకం అసలుదో కాదో ఎవరైనా చూసుకోవచ్చు.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉన్నవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 144 ప్రకారం కంపెనీకి ఆడిట్ చేసే సీఏనే ఆ కంపెనీ లెక్కలు రాయకూడదు. రాసిన చెయ్యే తప్పులు వెతకలేదు కదా! అంతా ఒక్కరే చూసుకుంటామని ప్యాకేజీ మాట్లాడేవాళ్లు వస్తే ఈ సెక్షన్ సంగతి అడగండి.

మనుషులు దొరకరన్న భయం అక్కర్లేదు. నల్గొండలో మహాత్మా గాంధీ యూనివర్సిటీ పరిధిలోని కాలేజీల నుంచి ఏటా బీకాం పిల్లలు బయటికొస్తున్నారు. వాళ్లలో కొందరు పట్నం పోయి అమెరికా ఖాతాదారుల లెక్కలు, పన్నుల పనే చేస్తున్నారు. డెలాయిట్ లాంటి పెద్ద సంస్థలు హైదరాబాద్‌లో ఆఫీసులు పెట్టి ఇలాంటి పని చేయిస్తున్నాయి. అమెరికా లెక్క ఇక్కడ రాయగలిగినప్పుడు నార్కట్‌పల్లి లెక్క నల్గొండలో రాయించుకోవడం పెద్ద విషయం కాదు. దూరం కంటే పద్ధతి ముఖ్యం.

తప్పు ఎవరిదైనా నోటీసు మీకే

సొంత దుకాణమైతే చట్టం ముందు మీరూ, మీ వ్యాపారమూ ఒక్కటే. కంపెనీ అయితే లెక్కల పుస్తకాలు సరిగ్గా ఉంచడానికి తగిన జాగ్రత్త తీసుకున్నామని డైరెక్టర్లే ఏటా రాసిచ్చి, బోర్డు తరఫున సంతకం పెట్టాలి. ‘మా అకౌంటెంటు వేయలేదు సార్’ అన్నది ఆఫీసరు ముందు జవాబు కాదు.

వరుసగా రెండు పన్ను కాలాల రిటర్నులు ఆగితే ఈ-వే బిల్లు బ్లాక్ అవుతుంది. 50 వేలు దాటిన సరుకు ఈ-వే బిల్లు లేకుండా హైవే ఎక్కితే బండి ఆగుతుంది. వ్యాపారం రోడ్డు మీదే నడిచే మనలాంటి ఊళ్లకు ఈ దెబ్బ లేటు ఫీజు కంటే పెద్దది. ఆరు నెలలు వరుసగా వేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం ఆఫీసరుకు ఉంది. కంపెనీ వార్షిక పత్రాలు వరుసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లపాటు అనర్హులవుతారు. 2017లో కేంద్రం ఇలా మూడు లక్షల మందికి పైగా డైరెక్టర్లను అనర్హుల జాబితాలో పెట్టింది. వ్యాపారం నడవక వదిలేసిన కంపెనీ అయినా సరే, పత్రాలు దాఖలు చేయడమో, పద్ధతి ప్రకారం మూసేయడమో చేయాలి.

ఇంకోటి ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్. చిట్యాలలో ఒక సప్లయర్ దగ్గర మీరు లక్ష రూపాయల సరుకు కొన్నారనుకుందాం. 18 శాతం చొప్పున 18 వేల పన్ను కూడా కట్టారు. ఆ 18 వేలు మీ పన్నులో తగ్గించుకోవాలంటే చేతిలో బిల్లు ఉంటే చాలదు. ఆ సప్లయర్ తన రిటర్నులో మీ బిల్లు చూపాలి. చూపాడో లేదో నెల నెలా 14న వచ్చే జీఎస్టీఆర్-2బిలో తెలుస్తుంది. అకౌంటెంటు దాన్ని మీ బిల్లులతో సరిచూసి ‘ఈ సప్లయర్ చూపలేదు’ అని చెప్పాలి. ఆ తర్వాత సప్లయర్‌కు ఫోన్ చేసి గట్టిగా అడగాల్సింది మీరు. ఆ బిల్లే మీ బండి డిక్కీలో ఉండిపోతే ఎంత మంచి అకౌంటెంటైనా చేయగలిగింది లేదు.

ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తోంది?

చిన్న వ్యాపారాల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇది. రిజిస్ట్రేషన్ చేయించేటప్పుడు తొందరలో కన్సల్టెంటు మొబైల్ నంబరు, ఆయన ఈమెయిలే పోర్టల్‌లో పడతాయి. యూజర్ పేరు, పాస్‌వర్డు కూడా ఆయన దగ్గరే. ఆయనతో పేచీ వచ్చినా, ఆయన ఊరు మారినా, ఫోను మార్చినా మీ వ్యాపారం తలుపుకు తాళం పడ్డట్టే. ఇది ఎంత మామూలైపోయిందంటే, పాస్‌వర్డు మధ్యవర్తి చేతిలో చిక్కుకున్న వ్యాపారులు తమ పరిధిలోని జీఎస్టీ ఆఫీసరు దగ్గరికి పోయి ఆధారాలు చూపి మొబైలు, ఈమెయిలు మార్పించుకునే పద్ధతిని 2018లోనే ప్రకటించాల్సి వచ్చింది.

నోటీసుల సంగతి ఇంకా ముఖ్యం. పోర్టల్‌లో పెట్టిన నోటీసు మీకు అందినట్టే చట్టం లెక్కగడుతుంది. పోస్టు రాలేదు కాబట్టి తెలియదంటే చెల్లదు. ఆర్డరు వచ్చాక అప్పీలుకు మూడు నెలలే గడువు. ఆ మూడు నెలలు వేరేవాళ్ల ఈమెయిల్‌లో కరిగిపోతే చేతిలో దారులు తగ్గిపోతాయి.

అందుకే పోర్టల్‌లో మొబైలు, ఈమెయిలు మీవే ఉండాలి. నెలకు రెండుసార్లు ఓటీపీ చెప్పడం ఇబ్బందే, కానీ ఆ ఇబ్బందే మీకు కాపలా. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ మీ బీరువాలో ఉండాలి. బ్యాంకు విషయంలో అకౌంటెంటుకు స్టేట్‌మెంటు ఇవ్వండి, డబ్బు పంపే పాస్‌వర్డు ఇవ్వొద్దు. ఖాళీ చెక్కుల మీద సంతకాలు అసలే వద్దు. పన్ను కట్టమని ఆయన సొంత ఖాతాకు డబ్బు వేయడం కూడా మంచిది కాదు. చలాన్ తయారు చేయడం ఆయన పని, మీ ఖాతా నుంచి నేరుగా ప్రభుత్వానికి కట్టడం మీ పని.

లెక్కల డేటా విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. కెనడాలోని వాంకూవర్‌లో బెంచ్ అనే కంపెనీ 2012 నుంచి అమెరికా చిన్న వ్యాపారాలకు లెక్కలు రాసిపెట్టేది. ఇన్వెస్టర్ల డబ్బు బాగానే వచ్చిన స్టార్టప్ అది. 2024 డిసెంబరు 27న ముందస్తు హెచ్చరిక లేకుండా సేవలు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. వేలాది వ్యాపారాల లెక్కలు ఆ కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. పన్నుల సీజన్ ముంగిట ఖాతాదారులు పరేషాన్ అయ్యారు. కొద్ది రోజుల్లోనే ఎంప్లాయర్.కామ్ అనే సంస్థ బెంచ్‌ను కొనడంతో గండం కొంత గడిచింది. అంత పెద్ద కంపెనీకే అలా అయితే, ఒక్క మనిషి, ఒక్క ల్యాప్‌టాప్ మీద నడిచే కన్సల్టెన్సీ సంగతి చెప్పాలా? ట్యాలీ అయినా ఇంకే సాఫ్ట్‌వేర్ అయినా, నెల నెలా బ్యాకప్ మీ పెన్‌డ్రైవ్‌లోకో మీ క్లౌడ్ ఖాతాలోకో రావాలి. జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి ఆరేళ్లు, కంపెనీ పుస్తకాలు ఎనిమిదేళ్లు దాచాల్సింది మీరే.

నెలకు ఒక గంట

లెక్కలు బయటికి ఇచ్చాక మీరు చేయాల్సింది నెలకు ఒక్క గంట కూర్చోవడం. ఆ గంటలో చూడాల్సినవి ఇవి.

బ్యాంకు నిల్వ: పుస్తకంలో చూపిన నిల్వ, బ్యాంకులో ఉన్న నిల్వ ఒకటేనా? తేడా ఉంటే ఎందుకు? స్టేట్‌మెంటు మాత్రం మీరే బ్యాంకు యాప్ నుంచి తీసుకోండి. ఈ పాఠం మనకు సత్యం కంప్యూటర్స్ నేర్పింది. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖతో, కంపెనీ పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5 వేల కోట్లకు పైగా అసలు లేనేలేదని బయటపడింది. లెక్క రాసేవాళ్లే ఆధారం కూడా తెచ్చి చూపిస్తే అది ఆధారం కాదు.

రిటర్ను రసీదు: ‘వేసేశాం సార్’ అన్న మాట కాదు, ఏఆర్ఎన్ నంబరున్న రసీదు, పన్ను కట్టిన చలాన్ చూడండి. పోర్టల్‌లో మీరే లాగిన్ అయి రిటర్ను పడిందో లేదో, కొత్త నోటీసులు ఉన్నాయో లేదో చూస్తే ఐదు నిమిషాల పని.

ఉద్దెర జాబితా: ఎవరి దగ్గర ఎంత రావాలి, ఎన్ని రోజుల నుంచి? మీరు ఎవరికి ఎంత ఇవ్వాలి? లాభం ఉన్నా గల్లాలో పైసలు లేకపోవడానికి జవాబు సాధారణంగా ఈ కాగితంలోనే దొరుకుతుంది.

నగదు ఖర్చులు: ఒకే మనిషికి ఒకే రోజు 10 వేలకు మించి నగదుగా ఇస్తే ఆదాయపు పన్నులో ఆ ఖర్చును ఒప్పుకోరు. లారీ కిరాయిలకు ఈ పరిమితి 35 వేలు. నెలాఖరుకు తెలుసుకుంటే వచ్చే నెల సర్దుకోవచ్చు, మార్చి దాటాక తెలిస్తే చేసేదేం లేదు.

ఈ గంట ఫలించాలంటే మీ వైపు నుంచి రెండు అలవాట్లు కావాలి. దుకాణం క్యూఆర్ కోడ్ వ్యాపార ఖాతాకే ఉండాలి, ఇంటి ఖర్చులు ఇంకో ఖాతా నుంచి పోవాలి. బిల్లు చేతికొచ్చిన రోజే ఫోటో తీసి అకౌంటెంటుకు పంపాలి.

మాట కాదు, కాగితం

పని అప్పగించే ముందు ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. ఫీజు ఎంత, అందులో ఏ రిటర్నులు కలుస్తాయి, నోటీసుకు జవాబు రాస్తే వేరే ఫీజా? బిల్లులు ఏ తేదీలోగా మీరివ్వాలి, రిపోర్టు ఏ తేదీలోగా ఆయనివ్వాలి? మీరు సమయానికి ఇచ్చినా ఆయన ఆలస్యం చేస్తే లేటు ఫీజు ఎవరిది? పని మానుకుంటే డేటా ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు? తెలిసినవాళ్లే కదా, చుట్టాలే కదా అని మొహమాటపడితే తర్వాత చెడేది చుట్టరికమే.

లెక్కలు తక్కువ ఫీజుకు రాస్తామంటే సంతోషం. ‘పన్నే లేకుండా చేస్తాం, బిల్లులు మేమే తెస్తాం’ అంటే మాత్రం లేచి బయటికి రండి. సరుకు లేని దొంగ బిల్లు మీద తీసుకున్న క్రెడిట్ వడ్డీతో సహా మీ మెడకే చుట్టుకుంటుంది.

రాయించేది మనమే

ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ సూరా అల్-బఖరాలోని 282వది. గడువు పెట్టుకున్న అప్పును రాసుకోవడం గురించే అది మాట్లాడుతుంది. రాసే మనిషి వేరే ఉండొచ్చు, న్యాయంగా రాయాలి అంటుంది. కానీ చెప్పి రాయించే బాధ్యతను బాకీ ఉన్న మనిషి మీదే పెడుతుంది. సాక్షులను పెట్టుకోమంటుంది, చిన్న మొత్తమైనా రాయడానికి విసుక్కోవద్దంటుంది. కలం ఒకరిది, జవాబుదారీ ఇంకొకరిది అన్న మాట అక్కడే ఉంది.

జకాత్ ఇచ్చే వ్యాపారులకు ఈ లెక్కలతో ఇంకో పని కూడా పడుతుంది. పన్నుల ఏడాది మార్చి 31తో ముగుస్తుంది, జకాత్ ఏడాది చంద్రమానం ప్రకారం నడుస్తుంది. చాలామంది రంజాన్‌లో లెక్క చూసుకుంటారు. కాబట్టి మీ జకాత్ తేదీ నాటికి చేతిలోని నగదు, అమ్మకానికి ఉన్న సరుకు విలువ, రావాల్సిన బాకీలు, చెల్లించాల్సినవి ఒక కాగితం మీద ఇమ్మని అకౌంటెంటును ముందే అడగండి. 2.5 శాతం దేని మీద లెక్కగట్టాలో ఆలిమ్‌లను అడిగి తేల్చుకోవచ్చు, కానీ అంకెలు సరిగ్గా ఉండాలి. బ్యాంకు వడ్డీని వాడుకోనివాళ్లు దానికి వేరే ఖాతా పెట్టమనండి. పన్ను రిటర్నులో మాత్రం దాన్ని ఆదాయంగా చూపక తప్పదు.

అకౌంటెంటును మార్చాలా వద్దా, ఫీజు ఎంత అన్నది నిదానంగా ఆలోచించుకోవచ్చు. ఈ వారం మాత్రం ఒక్క పని చేయండి. జీఎస్టీ పోర్టల్‌లో మీ ప్రొఫైల్ తెరిచి అక్కడున్న మొబైల్ నంబరు ఎవరిదో చూడండి. అది మీది కాకపోతే ముందు దాన్ని మార్పించండి, మిగతా మాటలు ఆ తర్వాత.